ముడి మిగిలింది

రెండో అంతస్తులో ల్యాబు.
ఫ్యాను తిరగదు, కిటికీ మూతపడదు.
సముద్రం మాత్రం రోజూ హాజరు:
బీకర్ల మీద ఉప్పు, తాళాల మీద తుప్పు.

పూర్ణా మార్కెట్లో మూడు కిలోల కర్రపెండలం కొన్నాను.
"ఉడకబెట్టుకుంటారా మాస్టారూ?" అంది అమ్మే ఆవిడ.
"ప్లాస్టిక్ చేస్తాం" అన్నాను.
జాలిపడి
మరో దుంప కొసరేసింది.

తొమ్మిదో తరగతి, బి సెక్షను.
తురిమారు, పిండారు, తేరనిచ్చారు.
గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న పిండిని
గరికిన పోలరాజు వేలితో నొక్కి
"తడి ఇసకలా కిర్రుమంటాంది సార్" అన్నాడు.

పిండి పది గ్రాములు, నీళ్లు నూరు,
గ్లిజరిన్ రెండు చెంచాలు, వెనిగర్ ఒకటి.
సన్నని మంట. తిప్పడం ఆపకూడదు.
ఆపారు.
మొదటిది ఉండ కట్టింది.
రెండోది అడుగంటింది.
మూడోది పళ్లెంలో ఆరి, తెల్లారేసరికి బీటలు వారింది.
నాలుగోదాన్ని మాకంటే ముందు
చీమలు పరీక్షించాయి.

ఐదోది ఊడొచ్చింది.
చోడిపల్లి నూకరత్నం దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంటే
అందులోంచి డాల్ఫిన్స్ నోస్ కనిపించింది,
పాలలో ముంచి తీసినట్టు మసగ్గా.
ఒకరి వెనక ఒకరు
క్లాసంతా ఆ పొరలోంచి కొండను చూసి వెళ్లారు.
ఆవేళ ఇంకే పాఠమూ చెప్పలేదు.

బలం కొలవాలి.
తూకపు రాళ్లు స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి,
దాని తాళంచెవి బదిలీ అయిపోయిన గుమస్తా దగ్గర.
నూకరత్నం ఇంటికి పరిగెత్తి
వాళ్ల నాన్న వలకు కట్టే సీసపు గుండ్లు
చున్నీ కొంగులో మూటగట్టి తెచ్చింది.
పొరకు క్లిప్పు, క్లిప్పుకు గుండ్లు.
ఐదు. తొమ్మిది. పదమూడు.
పొర సాగింది, నడుం సన్నబడింది,
పద్నాలుగో గుండు పట్టుకున్న చెయ్యి వణికింది.
టప్.
గుండ్లు బల్లకింద నలుదిక్కులా దొర్లాయి.
ఓడింది పొర.
క్లాసు చప్పట్లు కొట్టింది.

అంచులు అతికి ఓ సంచి చేసి
నూకరత్నం వాళ్ల మామ్మకిచ్చాం. జాలరిపేటలో చేపల తట్ట ఆమెది.
అరకిలో కవళ్లు పోసుకుని బయల్దేరింది.
మూడో సందు మలుపులో సంచికి అడుగు లేకుండా పోయింది.
పిల్లులకు పండగ.
మర్నాడు బడి గేటు దగ్గర నిలబడి తిట్టింది:
"ఏటి బాబూ, నా సేప ఇంటికెళ్లేదాకైనా ఉండద్దా?"
తిట్టాక, తనలో తనే నవ్వుకుని,
"అయినా ఒలలో సేపలకన్నా కవర్లే ఎక్కువ పడతన్నాయి.
ఇంకో సందు దాటీలా సెయ్యండి, సాలు."
రికార్డులో అదే రాసుకున్నాం.
లక్ష్యం: ఇంకో సందు.

జులైలో మూడు చోట్ల ముక్కలు పెట్టాం,
బడి పెరటి మట్టిలో, బీచ్ ఇసకలో,
ఊరగాయ జాడీలో పోసిన సముద్రపు నీళ్లలో.
ప్రతిదాని పక్కనా జోడీగా
బజ్జీల బండి దగ్గర దొరికిన నల్ల కవరు ముక్క.
శుక్రవారం శుక్రవారం తవ్వకం.
నల్లది కడిగితే కొత్తదే.
మాది మొదటి వారం ఉబ్బింది,
రెండో వారం బూజు,
మూడో వారం అంచుల్లేవు,
ఐదో వారం పెరట్లో ఎంత తవ్వినా
ఒక వానపాము.

పోలరాజు తలొంచుకున్నాడు.
"పోనాది సార్. ఫెయిలా?"

నాకు వెంటనే మాట రాలేదు.
ఇరవయ్యేళ్లుగా ఫలితమంటే కనబడాలనే చెప్పాను,
రంగో, బుడగో, అడుగున తెల్లటి అవక్షేపమో,
ఏదో ఒకటి.

జాడీ మూత తీశాం.
తేటగా ఉన్నాయి నీళ్లు. కాస్త గంజి వాసన.
నూకరత్నం దారం పట్టుకుని పైకి లాగింది,
పొరను వేలాడదీసిన నైలాన్ దారం, వాళ్ల నాన్న వలదే.
కొసన ముడి.
ముడిలో ఏమీ లేదు.
ముడి మాత్రం కట్టిన రోజంత బిగుతుగా ఉంది.

చాలాసేపు దాన్నే చూసి
ఆ గుంట అంది:
"దీన్ని కూడా ఒండాల సార్."